అసలు, నకలు, పాత మోటారు సైకిలు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడే వేదిక మీద మోటారు సైకిళ్ళ గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు ముందు నవ్వారు. ఆ తర్వాత ఆయనే నన్ను పక్కకు పిలిచి, "మా వసారాలో కూడా ఒక రాజ్‌దూత్ ఉందండీ, దాన్నేం చేయమంటారు?" అని అడిగారు. ఈ హాలులో ఎంతమంది ఇళ్ళలో గోనెపట్టా కప్పుకుని ఒక బుల్లెట్టో, జావాయో, యెజ్డీయో పడి ఉందో చేతులెత్తమంటే చాలా చేతులే లేస్తాయి. ఒకప్పుడు వీటిని పాత ఇనుము వాడు కిలోల లెక్కన అడిగేవాడు. ఇప్పుడు కుర్రవాళ్ళు ఊరూరా వెతుక్కుంటూ వచ్చి బేరమాడుతున్నారు. వచ్చినవాడు మొదట అడిగే ప్రశ్న, "అంకుల్, బండి ఒరిజినలేనా?" అని. ఆ మాటకు అర్థమేమిటి, దానికి ఎంత విలువ కట్టాలి అన్నదే ఈవేళ నా విషయం.

నేను రెవిన్యూ కచేరీలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందులో కొన్నేళ్ళు నకళ్ళ సెక్షనులో గడిచాయి. కచేరీలో నకలుకు గౌరవం ఉంది. అసలుతో సరిచూసి, 'ఇది నకలు' అని పైన రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇస్తే న్యాయస్థానం కూడా స్వీకరిస్తుంది. నకలునే అసలని చెప్పి తెచ్చినవాడికే చిక్కు. మోటారు సైకిలు విషయంలో నా అభిప్రాయమూ అదే. బండికి ఏ భాగం ఎప్పుడు మారిందో చెప్పి అమ్మితే, దానికి తగిన ధర దానికి ఉంటుంది. ఏమీ మారలేదని చెప్పి అమ్మితే అది దొంగ దస్తావేజే. కొనేవారు అసలుతనానికి ఎక్కువ డబ్బు ఇస్తున్నారంటే, అది ఇనుముకు ఇస్తున్నది కాదు, నమ్మకానికి ఇస్తున్నది.

ఇక అసలుతనమంటే అన్ని భాగాలకూ ఒకే లెక్క కాదు. అన్నిటికంటే ముందు చూడవలసినవి నంబర్లు. ఇంజను మీద ఒకటి, చాసిస్ మీద ఒకటి కొట్టి ఉంటాయి. ఆ రెండూ ఆర్‌.సి.లో రాసినవాటితో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. రవాణా కార్యాలయానికి వెళ్తే చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి తెమ్మంటారు, మీకు తెలిసిందే. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం ఆర్‌.సి.లోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చక తప్పనప్పుడు ఆ సంగతి అధికారులకు తెలిపి, ఆర్‌.సి.లో ఎక్కించుకోవాలి.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు పోయాక, వాళ్ళావిడ ఆయన బుల్లెట్టు అమ్మాలనుకున్నారు. పిల్లవాడు తండ్రి మీద ప్రేమకొద్దీ, నాన్నగారి బండి కళకళలాడుతూ పోవాలని, ఒక షెడ్డులో ఇచ్చి ఊడదీయించి, రంగు గీకించి, కొత్త రంగు కొట్టించాడు. బాగానే ఖర్చయింది. బండి పెళ్ళికొడుకులా తయారైంది. కొనేవాడు వచ్చి మురిసిపోయాడు. పెన్సిలు అచ్చు తీయబోతే చాసిస్ నంబరులో సగం అంకెలు కనబడలేదు. గ్రైండరు పెట్టి తుప్పు గీకినవాడు అంకెలు కూడా గీకేశాడు, మిగిలినవాటి మీద లప్పం పూశాడు. కొనేవాడు దండం పెట్టి వెళ్ళిపోయాడు. చివరికి ఆ బండి విడి భాగాల కోసం కొనేవాడికి పోయింది. తుప్పుతో అలాగే వసారాలో ఉండి ఉంటే ఆవిడకు ఎంతో మెరుగైన ధర వచ్చేది, పైగా రంగు ఖర్చు మిగిలేది. ఈ ఒక్క సంగతి చెప్పడానికైనా ఈ ప్రసంగం చేయాలనుకున్నాను.

నంబర్ల తర్వాత చూడవలసినవి పెద్ద లోహాలు: చాసిస్, ఇంజను పెట్టె, ట్యాంకు, మడ్‌గార్డులు, హెడ్‌లైటు డొప్ప. ఇవి బండితో పుట్టినవా, మరో బండి నుంచి వచ్చి చేరినవా అన్నది ధరను బాగా తేల్చుతుంది. ఇందులో బుల్లెట్టుది ఒక కథ, జావాది మరో కథ.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. తొలుత ఇంగ్లండులోని రెడ్డిచ్ నుంచి వచ్చిన భాగాలను బిగించారు, తర్వాత భాగాలన్నీ ఇక్కడే తయారు చేశారు. ఇంగ్లండులో అసలు కంపెనీ మూతపడ్డా మన బుల్లెట్టు ఆగలేదు. పోత ఇనుము ఇంజను బుల్లెట్టు దాదాపు 2010 వరకు వచ్చింది. అంటే అర్ధ శతాబ్దం పైగా రూపం పెద్దగా మారలేదు. వాడేవాడికి ఇది వరం, ఏ పట్నంలోనైనా స్పేరు దొరుకుతుంది. పాతబండి కొనేవాడికి మాత్రం ఇదే తలనొప్పి. 1965 బండికి 1995 ట్యాంకు, 1985 మడ్‌గార్డు బిగించినా చూడగానే తెలియదు. కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు ఉన్న పాత బండ్లను వీలు కోసం ఎడమ గేరుకు మార్పించుకున్నవారున్నారు. ఆ సంగతి చెప్పకపోతే గేరు చూసి బండి వయసు కట్టేవాడు పప్పులో కాలేస్తాడు.

జావా సంగతి వేరు. చెకోస్లొవేకియా నమూనాతో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960లో పుట్టింది. 1973 నుంచి బండి యెజ్డి అయింది. 1996లో కంపెనీ మూతపడింది. గేరు లివరునే లేపి కిక్కు రాడ్డుగా వాడుకునే ఆ వింత ఏర్పాటు మీలో చాలామంది కాళ్ళకు ఇంకా జ్ఞాపకం ఉండే ఉంటుంది. తర్వాత 2018లో జావా, 2022లో యెజ్డి పేర్లతో కొత్త బండ్లు వచ్చాయి. పేరే పాతది. ఇంజను నాలుగు స్ట్రోకులది, నీళ్ళతో చల్లబడేది. పాత రెండు స్ట్రోకుల బండికి ఆ భాగాలు అతకవు. అందుచేత బజారులో పాత జావాకు దొరికే కొత్త స్పేరు చాలావరకు ఎవరో నమూనా చూసి పోత పోసినదే. సొట్టపడినా, క్రోమియం ఊడినా, కంపెనీ ట్యాంకు కంపెనీ ట్యాంకే. దాన్ని పాత ఇనుము కింద వేసి, మెరిసే కొత్త ట్యాంకు బిగించుకుంటే కాగితం మీద సంతకం చెరిపేసి రబ్బరు స్టాంపు కొట్టినట్టే.

మధ్యలో ఒక మాట. 1983లో ఎస్కార్ట్స్ వారు యమహా నమూనాతో రాజ్‌దూత్ 350 తెచ్చారు. పెట్రోలు తాగుతుందని మనలాంటి జీతగాళ్ళు దాని జోలికి పోలేదు. ఆ దశకం చివరికే అది ఆగిపోయింది. ఇప్పుడు కుర్రవాళ్ళు దాని కోసం అర్రులు చాస్తున్నారు. మనం వద్దన్నందుకే దానికి అంత విలువ వచ్చింది, ఏం చేస్తాం!

రంగు విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం. కంపెనీ రంగు సగమైనా మిగిలి ఉంటే ముట్టుకోకూడదు. విదేశాల్లో పెద్ద వేలాలు దీన్నే చెబుతున్నాయి. 2018 జనవరిలో లాస్ వేగాస్‌లో బోన్‌హామ్స్ వేలంలో 1951 నాటి విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ అనే బ్రిటిష్ పందెపు బండి 9,29,000 డాలర్లకు పోయింది. ఆస్ట్రేలియాలో జాక్ ఎహ్రెట్ అనే ఆయన నడిపి రికార్డు సృష్టించిన బండి అది. పందేల్లో అరిగిన ఆనవాళ్ళు అద్దంలా తుడిచేయకుండా ఉంచారు. మన వసారా బండికి లక్షల డాలర్లు రావు గానీ, లెక్క అదే. కొత్త రంగు ఎవరైనా, ఎప్పుడైనా వేయించుకోవచ్చు. పోయిన పాత రంగును ఏ డబ్బూ తిరిగి తేలేదు.

అలాగని అంతా అసలే ఉండాలని పట్టుబట్టే పెద్దమనుషులను కూడా నేను ఒప్పుకోను. నలభై ఏళ్ళ నాటి టైరుతో బండి నడిపితే ప్రాణం మీదికి వస్తుంది. టైర్లు, గొట్టాలు, బ్రేకు షూలు, కేబుళ్ళు, చైను, పిస్టను రింగులు అరిగేందుకే పుట్టాయి. మారిస్తే విలువ తగ్గదు. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు కలుపుతున్నారు, పాత కార్బురేటరు రబ్బర్లు దానికి తట్టుకోవు. వాటిని మార్చవలసిందే. 6 వోల్టుల దీపం మిణుకుమంటుంటే 12 వోల్టులకు మార్పించుకోండి. అయితే విప్పిన ప్రతి భాగాన్నీ ఒక సంచిలో వేసి, చీటీ కట్టి, అటక మీద పెట్టండి. రేపు కొనేవాడికి ఆ సంచి చూపిస్తే మీ మాట మీద నమ్మకం కుదురుతుంది. మార్చిన తేదీలు ఒక నోటుపుస్తకంలో రాస్తే మరీ మంచిది. సర్వీసు రిజిస్టరు లాంటిదే అదీ!

అసలుతనానికి చట్టంలో కూడా ఇప్పుడు చోటు దొరికింది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి ఉండాలి. అసలు రూపంలోనే ఉండి చాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, తిరిగి చేయించుకుంటే 5,000 రూపాయలు, గడువు పదేళ్ళు. పాత నంబరున్న బండి ఆ నంబరునే ఉంచుకోవచ్చు. కానీ ఆ ముద్ర పడ్డాక ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజూ రోడ్డెక్కించకూడదు. బజారుకు వెళ్ళి కూరలు తెచ్చుకుందామంటే కుదరదు. అలా తిరగాలంటే మామూలు పద్ధతిలో ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకోవడమే దారి.

చివరగా కాగితాలు. బండి అసలుతనంలో సగం ఇవే. మనలో చాలామంది ప్రభుత్వ అడ్వాన్సు తీసుకుని బండి కొన్నవాళ్ళం. నేనూ 1978లో అలాగే యెజ్డి కొన్నాను. అప్పుడు ఆర్‌.సి.లో ప్రభుత్వానికి తాకట్టు అని రాశారు. వాయిదాలు జీతంలో కోసుకున్నారు, వడ్డీ కూడా కోసుకున్నారు. కానీ ఆ తాకట్టు మాట కొట్టివేయించారా? ఇంటికెళ్ళి ఆర్‌.సి. పుస్తకం తీసి చూడండి. అది అలాగే ఉంటే అమ్మేటప్పుడు బేరం అక్కడే ఆగుతుంది. బాకీ లేదన్న పత్రంతో, 35వ నంబరు ఫారంతో తీసివేయించుకోవాలి. అమ్మితే 29, 30 ఫారాలు. కొన్నవాడు తర్వాత మార్చుకుంటాడులే అని వదిలేస్తే, ఎక్కడో జరిగిన ప్రమాదానికి నోటీసు మన గుమ్మానికి వస్తుంది. యజమాని పోతే వారసులు 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో 31వ నంబరు ఫారం ఇవ్వాలి. 2021 నుంచి ఆర్‌.సి.లోనే నామినీ పేరు రాయించుకునే వీలు కూడా వచ్చింది. పెన్షను కాగితాల్లో రాయించినట్టే ఇదీ రాయించండి, ఇంట్లో ఆడవాళ్ళకు తిప్పట తప్పుతుంది. కొన్ననాటి బిల్లు, పాత ఇన్సూరెన్సు కాగితాలు, కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం, పానాల సంచి, ఇవి దొరికితే పారేయకండి.

నా యెజ్డికి 2028లో యాభై నిండుతాయి. ట్యాంకు మీద ఒక సొట్ట ఉంది, మా మనుమడు దాన్ని తీయిద్దామంటాడు, నేను వద్దంటాను. ఇంకా తేలలేదు.

ఆర్‌.సి. పుస్తకాలు వెంట తెచ్చుకున్నవారు భోజనాల తర్వాత నా దగ్గరకు రండి. అంకెలు చిన్నవి, కళ్ళజోళ్ళు మరచిపోకండి. సెలవు.