మందు ఎక్కడ ఆగాలి?

ఈరోజు పట్టాలందుకున్న ఫార్మసీ విద్యార్థులకు అభినందనలు. నేరుగా విషయానికి వస్తాను. మందుకు ఎంత బలముందో అందరూ అడుగుతారు. అది ఎక్కడ చేరాలో, ఎక్కడ ఆగాలో తేల్చవలసినవాళ్లు మీరు. మొటిమల చికిత్స చూస్తే ఈ మాట తెలిసివస్తుంది.

మొటిమలకు కారణాల్లో ఒకటైన క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ ఇప్పుడు ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్‌లకు చాలాచోట్ల లొంగడం లేదు. కాంతి చికిత్స మరో దారి. అమైనోలెవులినిక్ ఆమ్లం పూస్తే చర్మకణాల్లో ప్రోటోపోర్ఫిరిన్ తయారవుతుంది. ఎర్రని కాంతి పడగానే అది ఆక్సిజన్‌ను ఉత్తేజపరిచి బ్యాక్టీరియాను, నూనె గ్రంథులను దెబ్బతీస్తుంది. 22 మందిపై జరిపి 2000లో వెలువరించిన అధ్యయనంలో మొటిమలు తగ్గాయి, కానీ చర్మం కొంతకాలం నల్లబడింది, పెచ్చులు కట్టింది. మందు గ్రంథి దగ్గరే ఆగక పైచర్మమంతా పరుచుకోవడం ఇందుకు ఒక కారణం.

మందును మోసుకెళ్లే ప్రోటీన్ వాహకాల అవసరం ఇక్కడే. పైగా కాంతికి స్పందించే మందుల్లో చాలావాటికి నీళ్లు పడవు. అవి ముద్దకట్టి శక్తి కోల్పోతాయి. రక్తంలోని అల్బుమిన్ అలాంటి అణువులను తన మడతల్లో విడివిడిగా పట్టి ఉంచగలదు. అల్బుమిన్‌తో కూర్చిన పాక్లిటాక్సెల్‌కు అమెరికాలో 2005లోనే అనుమతి వచ్చింది కనుక ఇది ఊహాగానం కాదు. 500 డాల్టన్లు దాటినవే చర్మంలోకి సరిగా ఇంకవు, 66,000 డాల్టన్ల ప్రోటీన్ ఎలా వెళుతుందని మీరు అడగవచ్చు. అది చర్మాన్ని దాటనక్కరలేదు. ప్రోటీన్‌ను రేణువులుగా మలిస్తే చాలు, కొన్ని వందల నానోమీటర్ల రేణువులు రోమకూపంలో నిలుస్తాయి. జబ్బు ఉన్నదీ అక్కడే. వయసుతో పోయే మొటిమలకు ఇంత హంగామా ఎందుకని ఇంకొకరు అంటారు. మొటిమలు పోతాయి, గుంటలు పోవు. మొటిమలు త్వరగా పోవాలన్న తొందరలోనే పిల్లలు మందుల దుకాణంలో స్టెరాయిడ్ క్రీములు కొని ముఖం పాడుచేసుకుంటున్నారు.

నన్ను వేధించే దిగులు ఒకటుంది. అబ్బాయిలూ, అమ్మాయిలూ, గాజు పళ్లెంలో బ్యాక్టీరియా చచ్చిందని పత్రం రాసేసి పండగ చేసుకోకండి! మన చామనఛాయ చర్మంలో మెలనిన్ ఎక్కువ. అది కాంతిని పీల్చుకుంటుంది. చిన్న వాపు తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి మిగులుతుంది. తెల్లచర్మంపై సరిపోయిన కాంతి మోతాదును మనవాళ్ల మీద యథాతథంగా ప్రయోగించడం శాస్త్రం కాదు, సోమరితనం. కనుక ఏ వాహకం తయారుచేసినా మనవాళ్ల చర్మంపై పరీక్షించండి. మొటిమలు ఎన్ని తగ్గాయో రాసినంత నిజాయితీగా మచ్చలు ఎన్ని మిగిలాయో రాయండి. పని చేయలేదని తేలితే అదీ ప్రచురించండి. మీ నుంచి నేను కోరేది ఇంతే.