బొంతలో దాగిన విద్య

(పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



చినిగిన బట్టను పాఱవేయక పీలికలు చేసి బొంత కుట్టుట మన యిండ్లలో అవ్వలెఱిగిన పని. ఫ్రాన్సుదేశపు అవ్వలును అట్లే చేసిరి. ఆ దేశపు దక్షిణభాగమగు ప్రోవాన్సులో పదునెనిమిదవ శతాబ్దమున లంగాలును, మంచపు తెరలును పాతగిలినపుడు వానియందలి గట్టిభాగములను కత్తిరించి, నడుమ దూది యుంచి, బొంతలుగా కుట్టిరి. ఎండసోకని మడతలలో ఆ బట్టల యెఱుపు నేటికిని చెక్కుచెదరలేదు. పరదేశపు బొంతలతో మనకేమి పని యందురా? ఆ యద్దకపు బట్టకు ఫ్రెంచివారు పెట్టుకొన్న పేరు ఇండియెన్. అనగా హిందూదేశపుదని యర్థము.

మచిలీపట్టణము మొదలగు మన రేవులనుండియు, గుజరాతునుండియు ఈ బట్ట యోడలపై వారికి చేరెను. ఎన్నిమాఱు లుదికినను నూలుబట్టపై రంగు నిలుచుట వారికి వింతయయ్యెను. 1648 లోనే మార్సేలు పట్టణమున పేకముక్కలు చేయువాడొకడు బట్టల యద్దకమునకు పూనుకొనెను. మోజు హెచ్చుటతో పట్టు, ఉన్ని పరిశ్రమలవారు మొఱపెట్టిరి. 1686 లో ఫ్రెంచి ప్రభుత్వము విదేశపు అద్దకపు బట్టను, స్వదేశమున దాని ననుకరించుటను గూడ నిషేధించెను. ఆ నిషేధము 1759 వఱకు సాగెను. దొంగచాటుగా బట్ట వచ్చుచునే యుండెను.

నిషేధము సాగుచుండగనే వారు మన విద్యను వ్రాసికొనిరి. 1734 ప్రాంతమున బోల్యూ అను నావికోద్యోగి పుదుచ్చేరిలో అద్దకపువాని చెంత నిలిచి, మెట్టుమెట్టునకు బట్టముక్క కత్తిరించి తన వ్రాతలతో భద్రపఱచెను. ఆ వ్రాతప్రతి పారిసునగరమున నేటికిని కలదు. 1742 లో కూర్దూ అను క్రైస్తవ గురువు ఆ పద్ధతిని లేఖగా వ్రాసెను. తెలుగు నిఘంటువును కూర్చినవాడీతడే. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో బట్టను తడుపవలెను, పటికనీటితో పువ్వులు దిద్దవలెను, చిరివేరుతో కాచవలెను. పటిక యంటినచోటనే యెఱుపు నిలుచును. తక్కిన చోటు ఉదుకగా తెల్లనగును. రహస్యమింతియే.

1760 లో జర్మనుదేశీయుడగు ఓబెర్‌కాంఫను యువకుడు వెర్సాయి చెంత జూయీ గ్రామమున అద్దకపు కార్ఖానా పెట్టెను. కొయ్య యచ్చులతో మొదలిడి, 1770 లో రాగిపలకలను, 1797 లో తిరుగుడు రాగియచ్చులను వాడుకలోనికి తెచ్చెను. ఆ కార్ఖానా 1843 లో మూతపడెను. అయినను తానుల చివర తన పేరును, ఊరిపేరును, రంగు గట్టిదను మాటను అతడు అద్దించెను. బొంతలో ఆ చివరి పీలిక చిక్కెనా, బట్ట పుట్టినచోటు తెలియును.

వారిని నిందించుట మా యుద్దేశము కాదు. విద్య నేర్చుట దోషము కాదు. నేర్చినదానిని వ్రాసియుంచుట అంతకన్న కాదు. మమ్ము బాధించునది వేఱొకటి. బోల్యూ పేరు మిగిలెను. ఓబెర్‌కాంఫు పేరు మిగిలెను. పటికనీటిలో కలము ముంచి చూపిన మనవాని పేరు మనలో నెవ్వరికిని తెలియదు. అతని విద్య తండ్రిచేతినుండి కొడుకుచేతికి వచ్చెనేగాని కాగితమెక్కలేదు.

మచిలీపట్టణపు చెంత పెడనలో అచ్చులచప్పుడు నేటికిని వినబడుచున్నది. మీ పెట్టెలలో పాత దుప్పటియో, బొంతయో యుండిన, చింపకమునుపు దాని మూలకొక గుడ్డచీటి కుట్టుడు. ఏ యూరిది, ఎవ్వరద్దిరి, ఎవ్వరు కుట్టిరి అను మూడు మాటలు చాలును. అవ్వలు మన నడుమ నుండగనే అడిగి వ్రాయుడు. పరులు మనవిద్యను వ్రాసికొనిరి. ఇకనైన మనమును వ్రాసికొందము.