కలలో తాగిన సిగరెట్టు
(వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ మాటలు ఒక్కరివి కావు. రెండేళ్ల కింద రంజాన్ పండుగ మర్నాడు సిగరెట్ మానేద్దామని కూడబలుక్కున్న ఏడుగురివి. నలుగురం చిక్కడపల్లి వాళ్లం, ఇద్దరు నారాయణగూడ, ఒకరు అశోక్‌నగర్. రాసింది అందరం, చదివే పని ఒకరి మీద పడింది. అందుకే ‘మేము’ అంటున్నాం. ఎవరి పేరూ చెప్పం. ఇంట్లోవాళ్లకు ఇప్పటికీ తెలియని సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి.

సిగరెట్ మానాలనుకునేవాడికి మన ఏరియా అంత అనుకూలమైంది కాదు. నిజాం కాలంలో, 1930లో పుట్టిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఫ్యాక్టరీ ఆజామాబాద్‌లోనే ఉంది కదా. చార్మినార్ సిగరెట్ దేశమంతా వెళ్లింది ఇక్కడినుంచే. సత్యజిత్ రాయ్ సృష్టించిన కలకత్తా డిటెక్టివ్ ఫెలూదా కూడా చార్మినారే కాల్చేవాడు. ఆ కంపెనీ పొట్టి పేరే మనకు బస్టాపు, చౌరస్తా. 2023లో ఇందిరా పార్కు నుంచి కొత్తగా స్టీల్ బ్రిడ్జి వేస్తే అది కూడా వీఎస్టీ దగ్గరే దిగింది. ఇక సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల చూడండి. గ్రూప్స్‌కు చదివే పిల్లలు పొద్దున ఎనిమిదికి వచ్చి రాత్రి దాకా కూర్చుంటారు. గంటకోసారి లేచి చాయ్ డబ్బా దగ్గరికి వస్తారు, చాయ్‌తోపాటు ఒక లూజు సిగరెట్. మాలో అందరికంటే చిన్నవాడు, అశోక్‌నగర్ పిల్లవాడు, అట్లా నేర్చుకున్నవాడే. నోటిఫికేషన్ వాయిదా పడినప్పుడల్లా లెక్క పెరిగిందని చెప్తాడు.

రంజాన్‌లో మేమందరం పగలంతా మానేవాళ్లమే. సహర్ నుంచి ఇఫ్తార్ దాకా పదమూడు గంటలకు పైగా ఒక్క దమ్ము కూడా లేకుండా నెల గడుపుతాం. ‘అంత చేయగలిగినవాళ్లు పూర్తిగా మానలేరా?’ అని ఇంట్లో ఆడవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ రోజా నాడు మనసుకు ఒక హామీ ఉంటుంది, సాయంత్రం దొరుకుతుందని. ఖర్జూరం, నీళ్లు, నమాజు, ఆ తర్వాత మసీదు వెనక గల్లీలో నలుగురం కలిసేవాళ్లం. అక్కడి పొగ చూస్తే ఎవరో మంట పెట్టారనుకోవాలి. పూర్తిగా మానడమంటే ఆ సాయంత్రం ఇక రాదన్నమాట. అది వేరే కష్టం.

రోజుకు పది సిగరెట్లు, ఒక్కోటి పదిహేను రూపాయలు వేసుకున్నా ఏడాదికి 54,750 రూపాయలు అవుతుంది. మన సొసైటీ లెక్కలు చూసే పెద్దమనిషి, ఆయన కూడా మా ఏడుగురిలో ఒకరు, ఈ అంకె కాగితం మీద వేసి చాలాసేపు మాట్లాడలేదు. ఫీజు కట్టలేమని మన దగ్గరికి వచ్చిన దరఖాస్తులు ఆయన చేతులమీదుగానే పోతాయి మరి.

మొదటి వారం సంగతి చాలామందికి తెలిసిందే. నికోటిన్ పీల్చిన పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. రక్తంలో చేరిన దాంట్లో సగం రెండు గంటల్లో తగ్గిపోతుంది. అందుకే గంటకోసారి చెయ్యి జేబులోకి పోతుంది. మానిన రెండో రోజు, మూడో రోజు చిరాకు, తలనొప్పి, పిల్లల మీద అరుపులు. ఇవన్నీ వస్తాయని డాక్టరు ముందే చెప్పాడు, మేము సిద్ధంగానే ఉన్నాం.

కలల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పదో రోజో, పన్నెండో రోజో మొదలయ్యాయి. మాలో ఆటో నడిపే భాయ్‌కి వచ్చింది మొదటి కల. క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్, ఇంటర్వెల్, పాత దోస్తులు. ఎవరో ప్యాకెట్ చాపారు, తీసుకున్నాడు, సగం దాకా కాల్చాడు. అప్పుడు గుర్తొచ్చింది, ‘అరే, మానేసిన కదా!’ గుండె దడదడ కొట్టుకుంటుంటే లేచాడు. నోట్లో ఆ చేదు అట్లాగే ఉందట. లేచి బ్రష్ చేసుకుని, చేతివేళ్లు వాసన చూసుకుని, మళ్లీ పడుకోలేక కిరాయికి వెళ్లిపోయాడు. రిటైరైన సారుకు ఇంకా ఘోరమైన కల. బిడ్డ నికాహ్ జరుగుతుంటే ఆయన వేదిక మీద కూర్చుని దర్జాగా కాలుస్తున్నాడు, వియ్యంకుడు చూస్తున్నాడు. ఆయనకు ఆ రోజంతా సిగ్గు పోలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

మూడో కల మా టైలర్ తమ్ముడిది. పందొమ్మిదో రోజు రాత్రి. కలలో ఏమీ పెద్ద సంగతి లేదు. కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఎప్పటిలా ఒక చేత్తో బట్ట జరుపుతూ రెండో చేత్తో సిగరెట్. కానీ లేచాక అతనికి కల అనిపించలేదు. నిద్రమత్తులో నిజంగానే లేచి తాగి పడుకున్నానేమోనని అనుమానం. కల అని తేలాక కూడా, ‘లోపల మనసు తాగేసింది, ఇంక మానినట్టు ఎట్లా?’ అనుకున్నాడు. పొద్దున పాన్ డబ్బా దగ్గర ఒకటి కొన్నాడు. ఎట్లాగూ తాగేసిన కదా అని. సాయంత్రానికి ప్యాకెట్ అయింది.

మాకు చెప్పలేదు. శుక్రవారం నమాజుకు వేరే మసీదుకు పోవడం మొదలుపెట్టాడు. పని ఎక్కువుందేమో అనుకున్నాం. అడగకపోవడం మా తప్పు. ఎనిమిది నెలల తర్వాత కుడికాలి వేళ్లు నల్లబడ్డాయని తెలిసింది. బర్జర్స్ వ్యాధి అన్నారు. 1908లో లియో బర్జర్ అనే డాక్టరు వివరంగా రాసిన జబ్బు ఇది. చేతుల్లో, కాళ్లలో చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. పొగాకు వాడే మగవాళ్లలో, అదీ చిన్న వయసులో, ఎక్కువగా కనిపిస్తుంది. ఎన్ని మందులిచ్చినా పొగాకు మానితేనే ఆగుతుంది. రెండు వేళ్లు తీసేశారు. మిషన్ తొక్కే కాలు అది.

మా చిన్నవాడు లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాలు పక్కన పెట్టి ఈ కలల సంగతి వెతికింది ఆ తర్వాతే. వెతికితే దొరికింది. 1991లో పీటర్ హయెక్, మరొకరు కలిసి సిగరెట్ మానిన 293 మందిని పరిశీలించి రాశారు. మానిన ఒకటి నుంచి నాలుగు వారాల లోపల 33 శాతం మందికి సిగరెట్ తాగుతున్న కలలు వచ్చాయి. ఎక్కువమందికి ఒకే తీరు: తాగుతూ తాగుతూ హఠాత్తుగా గుర్తురావడం, భయం, తప్పు చేశానన్న బాధ. మామూలు కలలకంటే స్పష్టంగా ఉన్నాయన్నారు. తాగే రోజుల్లో వాళ్లలో 97 శాతం మందికి అట్లాంటి కలే రాలేదు. అంటే ఆ కల తాగుతున్నవాడికి వచ్చేది కాదు, మానినవాడికి వచ్చేది. ఈ ఒక్క ముక్క మా తమ్ముడికి పద్దెనిమిదో రోజున ఎవరైనా చెప్పి ఉంటే!

కారణం కూడా మరీ మాయ కాదు. కలలొచ్చే నిద్రను నడిపే రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. నికోటిన్ దాని తాళాల్లో పట్టే దొంగ తాళంచెవి. ఏళ్ల తరబడి వాడిన తాళంచెవి ఒక్కసారి తీసేస్తే నిద్ర సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మెలకువలు ఎక్కువ, మెలకువలో పట్టుబడిన కలే గుర్తుంటుంది. నికోటిన్ ప్యాచ్ అంటించుకుని పడుకున్నా ఇట్లాంటి గాఢమైన కలలు వస్తాయి. అట్లా వస్తే రాత్రి ప్యాచ్ తీసేయాలా అని డాక్టరును అడగండి.

చిన్నవాడు అంతటితో ఆగలేదు. ఒక రాత్రి ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి రాబోయే కాలమంతా మాకు చూపించాడు. అమెరికాలో 2020లోనే తలకు అయస్కాంత తరంగాలిచ్చి సిగరెట్ మాన్పించే యంత్రానికి అనుమతి ఇచ్చారట. చెయ్యి నోటి దగ్గరికి పోయే కదలికను పసిగట్టే చేతిపట్టీల మీద పరిశోధనలు జరుగుతున్నాయట. మేము నవ్వాం. హైదరాబాదులో చెయ్యి నోటి దగ్గరికి పోవడమంటే సగంసార్లు ఉస్మానియా బిస్కెట్. ఆ పట్టీ పొద్దంతా మోగుతూనే ఉంటుంది.

హోన్ లిక్ కథ మాత్రం మమ్మల్ని కదిలించింది. ఆయన చైనాలో ఒక ఫార్మసిస్టు. తండ్రి బాగా తాగి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. తనూ తాగేవాడు, మానడానికి ప్యాచ్ వాడేవాడు. ఒక రాత్రి ప్యాచ్ తీయడం మరిచిపోయి పడుకుంటే, సముద్రంలో మునిగిపోతున్నట్టు, ఆ నీళ్లు ఒక్కసారిగా పొగమంచైనట్టు కల వచ్చిందని తర్వాత చెప్పుకున్నాడు. 2003 ప్రాంతంలో ఆయన చేసిన ఈ-సిగరెట్టే ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండులో సిగరెట్ మాన్పించడానికి దాన్నే వాడమంటున్నారు. మన దేశంలో 2019లో చట్టం చేసి అమ్మకం, తయారీ, దిగుమతి అన్నీ నిషేధించారు. ఎవరిది ఒప్పో మేము తేల్చలేం. ఒక్కటి మాత్రం గమనించాం: ఆ ఈ-సిగరెట్ కనిపెట్టిన హోన్ లిక్ కూడా మామూలు సిగరెట్ పూర్తిగా మానలేదు.

‘కలలు రికార్డు చేసే యంత్రం కూడా వస్తుంది’ అన్నాడు చిన్నవాడు. 2013లో జపాన్‌లోని క్యోటోలో కమితాని అనే శాస్త్రవేత్త బృందం ముగ్గురిని ఎమ్మారై స్కానర్‌లో పడుకోబెట్టి, మాటిమాటికీ లేపి ఏం కల వచ్చిందో అడిగి, ఆ తర్వాత మెదడు చిత్రాలు చూసి కలలో మనిషి ఉన్నాడా, ఇల్లుందా అని సుమారు 60 శాతం సరిగ్గా చెప్పగలిగారు. ఇంకో ముప్ఫై ఏళ్లకు టోపీ పెట్టుకుని పడుకుంటే పొద్దున టీవీలో కల చూసుకోవచ్చేమో. రిటైర్డ్ సారు బెదిరిపోయారు. ‘మా ఇంటావిడ చూస్తే?’ అన్నారు. లెక్కల పెద్దమనిషికి ఇంకో భయం, ఇన్సూరెన్స్ వాళ్లు చూస్తే ప్రీమియం పెంచరా అని.

అప్పుడు ఆటో భాయ్ అడిగాడు, ‘రోజాలో పడుకుని కలలో నీళ్లు తాగితే రోజా పోతుందా?’ పోదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిద్రపోతున్నవాడి లెక్క రాయరని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. చిన్నప్పటినుంచి తెలిసిన సంగతే, సిగరెట్ విషయంలో మాత్రం ఎవరికీ తోచలేదు. తమ్ముడికి ఆసుపత్రి మంచం దగ్గర ఇదే చెప్పాం. చాలాసేపు పైకి చూస్తూ ఉండి, ‘అయితే ఆ రోజు నేను మానినవాడినే కదా భాయ్’ అన్నాడు.

ఆ రోజునుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాత్రికి ఒకరు ఫోను డ్యూటీ. కల వచ్చినవాడు ఏ వేళైనా చేయవచ్చు. ఎత్తినవాడు అడగవలసింది ఒక్కటే: ‘వేళ్లు వాసన చూశావా?’ వాసన లేకపోతే కలే, పడుకో. మాలాంటి గుంపు లేనివాళ్లు ప్రభుత్వం వాళ్ల ఉచిత నంబరు 1800-11-2356కు చేయండి. దక్షిణాది భాషల కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో కేంద్రం పెట్టారు, తెలుగులో మాట్లాడతారు.

తమ్ముడు మానేసి పది నెలలైంది. మిగతా వేళ్లు బాగున్నాయి. తొక్కే పని లేకుండా అతని మిషన్‌కు మన సొసైటీ కరెంటు మోటారు పెట్టించింది. ఇరానీ హోటల్లో విన్న యంత్రాలన్నింటికంటే అతనికి అక్కరకొచ్చింది అదే. ఈ ప్రసంగం చిత్తుప్రతి దిద్దింది కూడా అతనే. తన కల సంగతి తీసేద్దామని మేమంటే వద్దన్నాడు.

ఏడుగురిలో ఐదుగురం రెండేళ్లుగా ముట్టలేదు. తమ్ముడితో ఆరుగురం. ఏడో మనిషి మూడుసార్లు మానాడు, మూడుసార్లు మొదలుపెట్టాడు. ఇప్పుడు కూడా తాగుతున్నాడు. అయినా మా గుంపులోనే ఉన్నాడు, తన వంతు ఫోను డ్యూటీ ఒక్క రాత్రి కూడా తప్పించుకోలేదు.

పోయిన నెల ఆటో భాయ్‌కి మళ్లీ కల వచ్చింది, రెండేళ్ల తర్వాత. ఈసారి నారాయణగూడ మెట్రో స్టేషన్ మెట్ల మీద. రాత్రి మూడు దాటింది. ఫోన్ ఎత్తింది ఆ ఏడో మనిషే.

‘నావి ఎప్పుడూ వాసనే భాయ్,’ అన్నాడట. ‘నీవి చూసుకుని చెప్పు.’