ఫోను పగలగొడితే తిట్టు పోదు

(గూడెం సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మొన్న ఏప్రిల్ 14న మన గూడెం పిల్ల, మా బళ్ళో తొమ్మిది చదివే పిల్ల, బాబాసాహెబ్ బొమ్మను వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుంది. రాత్రికల్లా క్లాసు గ్రూపులో కులం పేరెత్తి బూతులు. నలభైమంది చూశారు, ఒక్కడూ తప్పనలేదు. పిల్ల మూడు రోజులు బడికి రాలేదు. తండ్రి ఏం జేశాడు? ఫోను నేలకేసి కొట్టాడు. నేనేం జేశాను? ‘పరీక్షలమ్మా, పట్టించుకోకు’ అన్నాను. ఆసాములు తిడితే మా నాయన కూడా ‘పోనీలేరా’ అనేవాడు. డిగ్రీ చదివి నేను నేర్చింది అదేనా? తిట్టినోడు దర్జాగా బడికొస్తున్నాడు, తిట్లు తిన్న పిల్ల ఇంట్లో కూచుంది.

మన పిల్లలు మనకెందుకు చెప్పరు? చెబితే ఫోను పోతుందని. ముందు వినండి. ‘నువ్వేం పెట్టావ్?’ అని నిలదీయకండి. తిండి మానేసినా, చావు మాట ఎత్తినా ఒంటరిగా వదలొద్దు, 1098కి ఫోన్ చెయ్యండి.

మనసు మండి మెసేజ్ చెరిపెయ్యొద్దు. పంపినోడే చెరిపేస్తే మాయమైపోద్ది. నంబరు, తేదీ, టైము కనబడేట్టు వెంటనే స్క్రీన్‌షాట్ తియ్యండి, ఆ ఫోనూ దాచండి. బ్లాకు చేసేది ఆ తర్వాతే. మన కుర్రాళ్ళు తిరిగి బూతులు పెడుతున్నారు. కోపం న్యాయమైందే, కానీ స్టేషన్లో ముందు చూపించేది మనోడి బూతే.

1989 అట్రాసిటీ చట్టం నలుగురి కంటబడే చోట కులం పేరుతో తిట్టడం నేరమంది. ఇంటర్నెట్లో తిట్టినా ఆ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. ఒక్కరికే విడిగా పంపితే ఆ సెక్షన్ నిలవడం కష్టం, అదీ తెలుసుకోవాలి. 2018 సవరణ వచ్చాక, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ కావాలని తిప్పి పంపకూడదు.

తిట్టినోడూ పదిహేనేళ్ళ పిల్లగాడే అయితే? వాడి కేసు జువెనైల్ బోర్డుకు పోతుంది. నాకైతే ముందు వాడి అమ్మానాన్నల ఎదుట, అదే క్లాసులో తప్పొప్పించాలని ఉంది. మీలో కొందరు ఒప్పుకోరు, తెలుసు. హెడ్మాస్టరు గదిలో తలుపేసి రాజీ చేస్తామంటే నేనూ ఒప్పుకోను. కేసా, కాదా అన్నది పిల్లనీ అడగాలి గదా!

నిన్న వాళ్ళింటికి పోయి నాదే తప్పన్నాను. ఆ మెసేజీలు స్నేహితురాలి ఫోన్లో ఉన్నాయి, సాక్ష్యం చెబుతానంది. సోమవారం పిల్లను బడికి తీసుకెళ్తున్నాం. వచ్చేవాళ్ళు ఎనిమిదింటికి చెరువుగట్టు దగ్గరుండండి.