ఊరి గోడ, ఊరివారి బొమ్మ

నాలుగు బాటలు కలిసేచోట పొడుగాటి గోడ కనిపిస్తే, దానిమీద ఏదైనా చిత్రం ఉంటే బాగుండునని ఎవరికైనా తోచడం సహజం. అనేక పట్టణాలలో వలెనే కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాలలోనూ గోడలపై బతుకమ్మలు, నృత్యాలు వెలసినవి. కంటికి అవి ఇంపుగానే ఉన్నవి. అయితే ఆ బొమ్మను ఎవరు కోరినారు, ఎవరు గీసినారు, ఎవరు కాపాడుతారు అనే మూడు ప్రశ్నలను అడిగేవారు అరుదు.

ఒక పర్యాయం గోండు పాటలను ధ్వనిముద్రణ చేసుకొనడానికై మేము ఉట్నూరు ప్రాంతానికి వెళ్ళినాము. దారిలో ఒక ప్రహరీగోడపై నెమలిపింఛాల కిరీటంతో గుస్సాడి చిత్రం కనబడినది. మేము మెచ్చుకొంటూ ఆగినాము. మావెంట ఉన్న గోండు పెద్ద మాత్రం రంగులు బాగున్నవనీ, తమను మాత్రం ఎవరూ అడగలేదనీ అన్నారు. గుస్సాడి వినోదానికి వేసే వేషం కాదు. దండారి నియమంతో మొదలై దీపావళితో ముగుస్తుంది. ఆ దినాలలో వేషధారి స్నానం చేయడు. కిరీటానికి పూజ జరుగుతుంది. అటువంటి మూర్తి పాదాలవద్ద బాటసారులు ఉమ్మివేస్తుంటే ఆయన మనస్సు నొచ్చుకొన్నది. అంతవరకూ మాకు ఆ సంగతి తోచనందుకు సిగ్గుపడినాము.

ఆ గోడకు దూరంగానేమీ కాదు, మర్లవాయిలో, గుస్సాడి నృత్యాన్ని యువకులకు నేర్పిన కనకరాజుగారు ఉండేవారు. 2021లో వారికి పద్మశ్రీ లభించినది. 2024లో వారు కాలధర్మం చెందినారు. అటువంటి గురువులున్న సీమలో అడిగి తెలుసుకొనడం కష్టమైన పని కాదు.

అడిగి గీయడం మనకు కొత్తా కాదు. కరీంనగరానికి దక్షిణాన ఉన్న చేర్యాల నకాషీ చిత్రకారులు, చింతగింజల అంబలీ సుద్దా పట్టించిన ఖద్దరు గుడ్డపై కులపురాణాలు చిత్రించి కథకులకు ఇచ్చేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని వినిపించే కూనపులివారు అటువంటి పటాన్నే విప్పి, ఒక్కొక్క బొమ్మను చూపుతూ కథ చెప్పేవారు. కథ పద్మశాలీలది, గానం కూనపులివారిది, కుంచె నకాషీలది. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకున్నా పటం లేదు.

పనిని పంచుకొనడంలోనూ మనకు ఒజ్జలున్నారు. ఆదిలాబాదు జిల్లా కేస్లాపూరులో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశీయులు కాలినడకన వెళ్ళి గోదావరి జలం తెస్తారు. సిరికొండ కుమ్మరులు కుండలు చేసి ఇస్తారు. ఆ వంశపు ఆడబిడ్డలూ, అల్లుళ్ళూ మట్టితో పుట్టను నిలుపుతారు. ఎవరి వంతు ఏదో అందరికీ తెలుసు. కనుక ఆ పుట్ట ఎవరిదని అడగవలసిన పని లేదు.

దేశాంతరాలలోనూ ఇదే నీతి కనిపిస్తుంది. అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో జుడిత్ బాకా అనే చిత్రకారిణి 1976లో వరదకాలువ గోడపై చిత్రరచన ఆరంభించినది. చరిత్ర గ్రంథాలలో చోటు దొరకని ప్రజల కథలను సేకరించి, 400 మందికి పైగా యువజనులతో కలిసి కొన్ని వేసవులపాటు శ్రమించి, సుమారు అర మైలు పొడవున ఆ గోడను నింపినది.

మన ఊరిలోనూ ఇది సాధ్యమే. మొదట పెద్దలనూ, స్త్రీలనూ, పిల్లలనూ కూర్చోబెట్టి ఏ కథ గోడకెక్కవలెనో, ఏది ఎక్కరాదో నిర్ణయించుకొనవలెను. చిత్రకారుడు దానిని చిన్న కాగితంపై గీసి చదరాలుగా విభజిస్తాడు. గోడపైనా అన్నే పెద్ద చదరాలు గీస్తారు. అప్పుడు ముగ్గువేసే చేతికి ఒక చదరం, బడిపిల్లవానికి ఒక చదరం అప్పగించవచ్చును. వానలు వెలిసి గోడ బాగా ఆరిన తరువాతనే రంగు పూయవలెను. లేకున్న తడి పొంగి, ఊరందరి కష్టమూ పెచ్చులై రాలిపోతుంది. వెలిసిన రంగును తిరిగి దిద్దే బాధ్యత ఎవరిదో కూడ ఆనాడే తేల్చుకొనడం మేలు. తన చేతితో గీసిన చదరంపై పోస్టరు అంటించడానికి ఎవరికి చేయి వస్తుంది?

ఉట్నూరు దారిలోని ఆ గోడ మాకూ ఒక పాఠం నేర్పినది. నాటినుండి ధ్వనిముద్రణకు వెళ్ళినచోట యంత్రాన్ని విప్పకముందే, ఈ పాట ఏ వేళ పాడదగినది, ఎవరు వినదగినది అని పాడేవారినే అడుగుతున్నాము. కొన్ని పాటలను వద్దన్నారు. వాటిని అక్కడనే వదిలి వచ్చినాము.