లెన్సు నాణ్యతను గుర్తించడము ఎట్లు?

ఎద్దును కొనబోయే రైతు అంగడిలో ఏమి చేస్తాడో మనకందరికీ తెలిసినదే. పళ్లు పట్టి చూస్తాడు. నాలుగు అడుగులు నడిపించి చూస్తాడు. వీలైతే కాడి మోపి చూస్తాడు. అమ్మేవాని మాట అన్నిటికంటె చివర వింటాడు. పోచంపల్లి చీర కొనే ఇల్లాలు దానిని తిరగవేసి, రెండు వైపుల నమూనా ఒకే తీరున ఉన్నదా లేదా అని పరీక్షిస్తుంది. కాని, కాడెడ్ల వెలకు తీసిపోని ధర పెట్టి కెమేరా లెన్సు కొనేటప్పుడు మాత్రము, మనలో పెక్కుమంది దానిపై చెక్కిన పేరు చూచి, చేతిలో బరువు తూచి, తృప్తి చెందుతాము. మేమును ఒకప్పుడు అట్లే చేసినాము.

మాది నల్లగొండ జిల్లా కట్టంగూర్. హైదరాబాదు నుండి విజయవాడ పోయే రహదారిపై నార్కట్‌పల్లి దాటిన తరువాత వస్తుంది. అక్కడ మేము చిన్న ఫోటో స్టూడియో పెట్టుకొని, చుట్టుపట్ల గ్రామాలలో పెండ్లిండ్లకు ఫోటోలు తీస్తూ వచ్చినాము. ఒక సంవత్సరము, పెండ్లిండ్ల కాలము ముందు, అప్పు చేసి ఒక పాత లెన్సు కొన్నాము. లోహపు గొట్టము, మంచి బరువు, పైన ఒక గీతయైనా లేదు. బరువును చూచి బలమనుకొన్నాము.

ఆ లెన్సుతో ఒక పెండ్లిలో బంధువులందరిని పందిట్లో నిలిపి ఫోటో తీసినాము. పెండ్లికూతురి నాయనమ్మ ఎడమ చివర కుర్చీలో కూర్చున్నది. సంక్రాంతి రాకముందే ఆమె కాలము చేసింది. పటము కట్టించడానికి ఆ ముఖమును పెద్దది చేసి ఇమ్మని ఇంటివారు వచ్చినారు. ఆమెకు వేరే ఫోటో లేదు. పెద్దది చేసి చూస్తే, నడుమ నిలిచినవారి కనురెప్పలు సయితము లెక్కపెట్టవచ్చును. ఎడమ చివర ఆ ముసలమ్మ కన్నులు మాత్రము తడిసిన సిరాగుర్తులవలె ఉన్నవి. ఇంటివారు మమ్ములను ఒక్క మాట అనలేదు. ఆ పటము తీసుకొని పోయినారు. ఆనాటినుండి, లెన్సు నాణ్యత అనగా ఏమిటో తెలుసుకోవలెనని మేము పట్టుపట్టినాము.

మరమ్మతు చేసేవాడు ఆ లెన్సును విప్పి చూపించినాడు. అది ఎప్పుడో క్రింద పడ్డది. పైతొడుగు మార్చినారు, లోపల ఒక గాజు వెంట్రుకవాసి ఒరిగి ఉన్నది. దోషమంతయు అదే.

లెన్సు అంటే ఒక గాజు కాదు. కొన్ని గాజుల కూటమి. 1840లో వియన్నాలో పెట్జ్‌వాల్ అనే గణితవేత్త రూపొందించగా ఫోయ్‌గ్ట్‌లాండర్ సంస్థ తయారుచేసిన ముఖచిత్రాల లెన్సులో గాజులు నాలుగే. ఈనాటి పెండ్లి ఫోటోల జూమ్ లెన్సులో పదిహేను, ఇరవై ఉండడము సామాన్యము. ఇవన్నియు ఒకే ఇరుసుపై బండిచక్రాలవలె ఒక సరళరేఖపై నిలువవలెను. అట్లు నిలిపి, ఏళ్ల తరబడి అట్లే నిలిపి ఉంచడమే కట్టుబడి నాణ్యత. తక్కినదంతా అలంకారము.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ కాలములో లెన్సుల గొట్టములు ఇత్తడివి. ఆయన 1905లో కాలము చేసినాడు. ఆయన గాజు నెగెటివులలో 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. శతాబ్దము గడిచిన తరువాత కూడ వాటిలో దర్బారుల వైభవము, కట్టడాల చెక్కడము స్ఫుటముగా కనిపిస్తున్నవన్న, ఆ గాజుల అమరిక ఎంత నిక్కచ్చిగా ఉండెనో ఊహించవచ్చును.

అయితే ఇత్తడి, ఇనుము ఉంటేనే గట్టిదనుకోవడము పొరపాటు. మేలురకము ప్లాస్టిక్కు చిన్న దెబ్బను తాను కొంత వంగి ఓర్చుకొంటుంది. లోహము సొట్టపడితే ఆ సొట్ట అట్లే నిలిచి, లోపలి గాజును ఒత్తుతుంది. కనుక చూడవలసినది ఏ పదార్థముతో చేసినారన్నది కాదు. భాగములు ఒకదానితో ఒకటి ఎంత వదులు లేకుండ అమరినవి అన్నది.

ఇక పరీక్షలకు వద్దాము. మొదటిది చేతి పరీక్ష. ఫోకసు తిప్పే వలయమును ఒక కొననుండి మరొక కొనకు మెల్లగా తిప్పవలెను. నూనె పట్టిన తలుపువలె ఒకే తీరున తిరగవలెను. ఒకచోట పట్టి, ఒకచోట జారితే లోపల దుమ్మైనా ఉన్నది, దెబ్బైనా తగిలినది. జూమ్ గొట్టమును బయటకు లాగి, మెల్లగా అటునిటు కదిపి చూడవలెను. కొంచెము కదలిక సహజమే. పంటినొప్పి పంటివలె ఊగరాదు. కెమేరాకు తగిలించే వలయములోని మరల తలలు అరిగి ఉంటే, ఎవరో విప్పినారని గ్రహించవలెను. చెవి దగ్గర ఊపితే కొన్ని లెన్సులలో చప్పుడు వస్తుంది. చేతి వణుకును సరిచేసే భాగము ఉన్న లెన్సులలో అది దోషము కాకపోవచ్చును. దానిని కెమేరాకు తగిలించి, మీట నొక్కి చూచిన తరువాతనే నిర్ణయించవలెను.

రెండవది దీపపు పరీక్ష. చీకటి గదిలో టార్చి వెలుగును లెన్సు వెనుకనుండి ఏటవాలుగా పంపి చూడవలెను. నాలుగు ధూళికణములు కనిపిస్తే భయపడనవసరము లేదు. ముందు గాజుపై సన్నని గీత ఒకటి ఉన్నా ఫోటోలో కానరాదు; అది చూపి ధర తగ్గించుమని అడగవచ్చును. వెనుక గాజుపై గీత అంతకంటె చెరుపు చేస్తుంది. సాలెగూటి దారములవంటి బూజు గాని, పాలుపోసినట్టి మసక గాని కనిపిస్తే మాత్రము లెన్సును తిరిగి ఇచ్చివేయుట మేలు. కాంతిని అదుపుచేసే రేకులపై జిడ్డు ఉండరాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది, ఖర్చు లేనిది. గోడపై నడుమ ఒకటి, నాలుగు మూలల నాలుగు వార్తాపత్రికలు అంటించవలెను. కెమేరాను ముక్కాలిపీటపై గోడకు సమాంతరముగా నిలిపి, లెన్సు ద్వారమును పూర్తిగా తెరచి ఫోటో తీయవలెను. నాలుగు మూలలు సమానముగా కొంత మెత్తబడితే అది ఆ లెన్సు స్వభావము. ఒక మూల మాత్రమే చెదిరితే అనుమానించవలెను. అప్పుడు కెమేరాను తలక్రిందులు చేసి మరల తీయవలెను. చెదరిన భాగము గోడపై ఎదుటి మూలకు మారితే దోషము లెన్సుది; అదే పత్రికపై నిలిచిపోతే మనము కెమేరాను వంకరగా నిలిపినామన్నమాట. ఈ పరీక్షకు పావుగంట చాలును. ఆ పావుగంట మేము ఆనాడు వెచ్చించి ఉంటే, ఒక ఇంటివారికి తమ పెద్దదిక్కు ముఖము దక్కి ఉండేది.

కొన్న తరువాత కాపాడుకోవడము మన వంతు. మా ప్రాంతపు ఎండలు ఎట్టివో చెప్పనక్కరలేదు. మే నెలలో తలుపులు మూసిన కారులో లెన్సును వదలిపెడితే లోపలి గ్రీజు పలుచనై రేకులపైకి పాకుతుంది. చెరువుగట్టు జాతరలో తీసిన తరువాత, బట్టతో తుడువకముందే గాలితిత్తితో దుమ్ము ఊదివేయవలెను. లేనిచో ఆ ఇసుకతోనే గాజును రుద్దినవారమవుతాము. వానకాలములో తోలుసంచిలో దాచరాదు; తోలు చెమ్మను పట్టి బూజును పెంచుతుంది. గాలి చొరని డబ్బాలో, చెమ్మను పీల్చే సిలికా గుళికలతో ఉంచి, అప్పుడప్పుడు ఆ గుళికలను ఎండబెట్టుకొనవలెను. అన్నిటికంటె మించి, లెన్సును వాడుతూ ఉండవలెను.

కలకాలపు విలువ మాట మరొకటి ఉన్నది. గాజు బాగుండి, గొట్టము బాగుండి కూడ, తగిలించడానికి కెమేరా లేకపోతే ఆ లెన్సు అలంకారమునకే మిగులుతుంది. నికాన్ వారు 1959లో ప్రవేశపెట్టిన ఎఫ్ అమరిక దశాబ్దములు నిలిచింది. కానన్ వారు 1987లో తమ పాత అమరికను విడిచి ఈఎఫ్ అమరికకు మారినారు. 2018లో ఈ రెండు సంస్థలును అద్దము లేని కెమేరాల కొరకు మరల క్రొత్త అమరికలు తెచ్చినవి. వాటికి పాత లెన్సులను తగిలించే జోడింపు వలయములు దొరుకుతున్నవి కాని, పాతవన్నియు వాటితో పూర్తిగా పనిచేయవు. కొనేముందు ఈ సంగతి విచారించవలెను. పైగా క్రొత్త లెన్సులలో పెక్కింటిలో ఫోకసు వలయము సయితము విద్యుత్తు లేనిదే పనిచేయదు. గాజు ఆయువు వేరు, లోపలి మోటారు ఆయువు వేరు. విడిభాగములు దొరికినంతవరకే ఆ మోటారుకు వైద్యము ఉంటుంది.

ధరను లెక్కకట్టే తీరు కూడ తెలిసి ఉండవలెను. ఒక లెన్సును 1,20,000 రూపాయలకు కొని, ఆరేళ్లు వాడి, 60,000కు అమ్మినామనుకొందాము. ఏడాదికి పదివేలు పడినది. మరొకటి 40,000కు కొనగా, మూడేళ్లకు మూలపడినదనుకొందాము. ఏడాదికి పదమూడువేలకు పైబడినది. చౌక అనుకొన్నదే ప్రియమైనది. అట్లని అప్పు చేసి పెద్దది కొనుమని మా అభిప్రాయము కాదు. ఒక పెండ్లిండ్ల కాలపు సంపాదనలో వడ్డీతో సహా తీరనంత అప్పు ఏ లెన్సుకును తగదు. అవసరము పెద్దదైతే అద్దెకు తెచ్చుకొనవచ్చును.

కెమేరాతో పనిలేని శ్రోతలు, మాకు ఇదంతా ఎందుకని అనుకోవచ్చును. మీ ఇంట పెండ్లికి ఫోటోలు తీసేవానిని కుదుర్చుకొనేటప్పుడు, అతడు చూపే ఆల్బములో పెండ్లికూతురి ముఖమునే చూడకండి. బంధువులందరు నిలిచిన పెద్ద ఫోటో ఒకటి తెప్పించి, రెండు చివరల ఉన్న ముఖములు చూడండి. అక్కడ కన్నులు స్పష్టముగా ఉంటే అతని పనిముట్టు మంచిది. మా మట్టుకు మేము, లెన్సు ఎంత మంచిదైనా, ఇంటి పెద్దలను వరుస నడుమకు తెచ్చి కూర్చోబెట్టిన తరువాతనే మీట నొక్కుతున్నాము.