రాష్ట్ర రహదారి ఎచ్చట ముగియును?



ఒక రాష్ట్ర రహదారి ఎచ్చట ముగియుచున్నదని అడిగినచో, త్రోవప్రక్కనున్న రాతిని చూపుట లోకులకు అలవాటు. ఆకుపచ్చ తల గల రాయి రాష్ట్ర రహదారిది. పసుపు తల గలది జాతీయ రహదారిది. అయితే ఊరి మొగదల రాయి ఒక సంఖ్యను, కూడలిలోని బోర్డు మరియొక సంఖ్యను చూపినప్పుడు, లేదా ఆకుపచ్చ రాళ్లు ఊరి నడుమ ఆగిపోయి త్రోవ మాత్రము సాగిపోవునప్పుడు, దేనిని నమ్మవలెను?

రాయి బాటసారికి గుర్తు మాత్రమే, దస్తావేజు కాదు. జాతీయ రహదారులను 1956 నాటి చట్టము ననుసరించి కేంద్ర ప్రభుత్వము రాజపత్రమున ప్రకటించును. రాష్ట్ర రహదారులను ఆయా రాష్ట్ర ప్రభుత్వములు తమ ఉత్తర్వులచే నిర్ణయించును. త్రోవ ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో చెప్పవలసినది ఆ పత్రమే. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలను మార్చినప్పుడు, పూనా నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చు 9వ సంఖ్య త్రోవ 65వ సంఖ్యది అయ్యెను. కాగితముపై సంఖ్య మారినంత మాత్రమున పాత రాయి తనంతట తాను మారదు గదా!

ఇది కేవలము పేరు మాటయని కొందరికి తోచవచ్చును. కాని దాని బరువు 2016 డిసెంబరు 15వ తేదీన దేశమునకు తెలిసెను. త్రాగి వాహనములు నడుపుటచే కలుగు ప్రాణనష్టమును తగ్గించుటకై, జాతీయ, రాష్ట్ర రహదారుల అంచునుండి 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదని ఆనాడు సుప్రీంకోర్టు ఆదేశించెను. 20,000కు మించని జనాభా గల స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరమును 2017 మార్చి 31న 220 మీటర్లకు తగ్గించెను. ఆ మార్చి నెలలోనే చండీగఢ్ పాలకులు నగరములోని రాష్ట్ర రహదారులను జిల్లా ప్రధాన రహదారులుగా మార్చి ప్రకటించిరి. త్రోవ అదే, తారు అదే, దుకాణము అదే. కాగితముపై మాత్రము అది రాష్ట్ర రహదారి కాకపోయెను. దీనిపై వ్యాజ్యము నడచినది గాని, 2017 జూలైలో సుప్రీంకోర్టు ఆ మార్పును కొట్టివేయలేదు.

బడి చెంత మద్యపు దుకాణము ఉండవచ్చునా, కూలిన తూమును ఎవరు కట్టింపవలెను అను ప్రశ్నలు వచ్చినప్పుడు కూడ ఆ త్రోవ ఎవరిదో ముందుగా తేలవలెను. తేలనిచో ఒక శాఖ మరియొక శాఖను చూపవచ్చును. నడుమ చివరి ఫర్లాంగు ప్రజలు బురదలో నడువవలసి వచ్చును.

తేల్చుటకు మార్గము కష్టమైనది కాదు. మొదట, ఆ రహదారిపై వెలువడిన కడపటి ఉత్తర్వును చూడవలెను. పిదప, అందు వ్రాసిన కొసను కిలోమీటరు లెక్కతో నేలపై గుర్తింపవలెను. తరువాత, అచ్చటినుండి మరమ్మతు రోడ్లు భవనముల శాఖ పద్దులో నున్నదో, పంచాయతీరాజ్ శాఖ పద్దులో నున్నదో విచారింపవలెను. ఇట్టి పత్రముల నకళ్లను కోరుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టము పౌరునకు అధికార మిచ్చినది.

ఆ నకలొకటి గ్రామ గ్రంథాలయపు బీరువాలో నున్నచో, ఊరివారు అర్జీలో రాతిమీది సంఖ్యతో బాటు ఉత్తర్వు సంఖ్యను గూడ వ్రాయగలరు. అట్టి అర్జీని ఇది మా త్రోవ కాదని త్రిప్పి పంపుట ఏ కార్యాలయమునకును సులభము కాదు.